వెలుగు చూడకుండా కొలిమికి అందించిన గొట్టం

2012 వేసవి. నాచారం పారిశ్రామికవాడలో ఒక స్టీలు ఫౌండ్రీలో మెల్టింగ్ షాపు ఇన్‌ఛార్జిగా పనిచేస్తున్నాను. ఆ రోజు నేను చేసిన తప్పు ఒక్క మాటలో చెప్పొచ్చు. కొలిమి మీద నిలబడ్డ సత్తయ్య "వెలుగుందా సారు?" అని అడిగాడు. చేతిలో ఉన్న గొట్టంలోకి చూడకుండానే "ఉంది" అని అందించాను.

ఆ ప్రశ్న ఏమిటో తెలియాలంటే మా పని గురించి కొంచెం చెప్పాలి. మా దగ్గర ఉన్నది ఇండక్షన్ ఫర్నేసు, అంటే కరెంటుతో ఇనుము కరిగించే కొలిమి. ఒకసారి నింపి, కరిగించి, పోసేదాకా జరిగే పనిని హీట్ అంటాం. లోపల ముందే కొంత ఇనుము కరిగి ఉంటుంది, దానిలో మిగతా తుక్కును కొంచెం కొంచెంగా వేస్తారు. ఆ తుక్కులో మేం అన్నిటికంటే భయపడేది రెండు వైపులా మూసుకుపోయిన గొట్టానికి. లోపల చిక్కుకున్న గాలికి, చెమ్మకు ఆ వేడిలో బయటికి దారి ఉండదు. గొట్టం పగులుతుంది, కరిగిన లోహం పైకి లేస్తుంది.

అందుకని మా షాపులో నాకంటే ముందునుంచీ ఒక పద్ధతి ఉంది. కొలిమి మీద నిలబడేవాడు నీలి అద్దాలు పెట్టుకుంటాడు. ఆ అద్దాల్లోంచి గొట్టంలోకి చూస్తే చీకటి తప్ప ఏమీ కనబడదు. కాబట్టి కింద నిలబడి అందించేవాడు గొట్టాన్ని కంటి దగ్గర పెట్టుకుని, ఇవతలి నుంచి అవతలి వెలుతురు చూడాలి. పైవాడు "వెలుగుందా?" అని అడుగుతాడు. కిందివాడు "ఉంది" అంటేనే గొట్టం కొలిమిలోకి వెళుతుంది. పైవాడు తన ముఖాన్ని కిందివాడి కన్నుకు అప్పగించాడన్నమాట. ఇంత సంగతీ నాకు తెలుసు. కొత్తగా చేరినవాళ్లకు నేర్పేవాణ్ని కూడా.

కేసులు ముగిశాక, కోర్టు ఉత్తర్వు తీసుకుని, పోలీసులు స్వాధీనం చేసుకున్న ఆయుధాలను కరిగించేస్తారు. ఆ ఏడాది ఆ పని మా ఫౌండ్రీకి వచ్చింది. కత్తులు, తల్వార్లు, తపంచాలనే నాటు పిస్తోళ్లు, చెక్క పిడులు ఊడదీసిన భర్మార్ తుపాకుల గొట్టాలు ఒక వ్యాన్‌లో దిగాయి. భర్మార్ అంటే మూతిలోంచి మందు కూరి పేల్చే నాటు తుపాకీ. దాని వెనక కొస ఎప్పుడూ మూసే ఉంటుంది. అంటే అలాంటి గొట్టానికి వెలుగు ఉండే అవకాశమే లేదు. వెనక కొస కోసేశాకే మేం దాన్ని ముట్టుకోవాలి. గోనెసంచులు దించుతూ వాళ్ల రిజర్వ్ ఎస్సై, "మా ఆర్మరర్ అన్నీ చూసి, కోసి పంపించాడండీ, మీకేం ఇబ్బంది లేదు," అన్నాడు. ఆర్మరర్ అంటే వాళ్ల తుపాకుల మెకానిక్కు. పైన కనబడ్డ నాలుగైదు గొట్టాలు చూశాను. కొసలు కోసే ఉన్నాయి. మిగతావీ అంతే అనుకున్నాను.

పెద్ద అధికారి ఒకాయన వచ్చి చూస్తాడని పొద్దుటినుంచీ హడావిడి. షెడ్డు ముందు షామియానా వేశారు. గేటుకు బ్యానర్ కట్టారు: 'అక్రమ ఆయుధాల నిరాయుధీకరణ కార్యక్రమం'. గొట్టాలు చూసి అందించే మనిషిని కుర్చీలు సర్దడానికి నేనే పంపించేశాను. అతని చోట నేను నిలబడ్డాను.

సత్తయ్యది భువనగిరి దగ్గర పల్లె. నాచారంలోనే కిరాయి గదిలో ఉండేవాడు. చేతిపని ఎంత చురుకో నోరూ అంతే. ఆ రోజు పొద్దున అద్దాలు తుడుచుకుంటూ అడిగాడు.

"సారు, గేటు మీద గా బట్టల రాసిన మాటేంది? నోరు తిరుగుతలేదు."

"నిరాయుధీకరణ."

"అంటే?"

"తుపాకులు కరిగించడం."

"రోజూ ఇనుము కరిగిస్తనే ఉన్నం గద. ఏనాడన్న గింత పెద్ద పేరు పెట్టిన్రా మనకు? నా లగ్గం పత్రికల గూడ గింత పెద్ద మాట లేకుండె."

"తర్వాత చెబుతాలే సత్తయ్యా, పని చూడు."

"మీ ఆంధ్రోళ్లు తర్వాత అంటే తెలంగాణ ఇచ్చినట్టే," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. మాది తెనాలి వైపు. ఆ రోజుల్లో ఉప్పల్, నాచారంలో ఏ షెడ్డులో చూసినా ఇలాంటి మాటలే నడిచేవి. సత్తయ్య మాటల్లో ఎప్పుడూ విషం లేదు.

అధికారి చాలా ఆలస్యంగా వచ్చాడు. ఆ వేసవిలో పరిశ్రమలకు పవర్ హాలిడేలు, కరెంటు ఉన్న రోజుల్లో కూడా సాయంత్రం కోత. హీట్ మధ్యలో కరెంటు పోతే లోహం కొలిమిలోనే గడ్డకడుతుంది. లోపలి పూత, మేం లైనింగ్ అంటాం, పగిలిపోతుంది. మళ్లీ కట్టుకునేదాకా షాపు మూతే. గోడ గడియారం, గేటు దగ్గర ఉపన్యాసం, కొలిమి, ఈ మూడింటి మధ్య నా చూపు తిరుగుతూ ఉంది. ఉపన్యాసం అయ్యాక ఫొటోల కోసం అందరూ కొలిమికి కాస్త దూరంలో నిలబడ్డారు. మా మేనేజరు నావైపు చూసి, కానివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు.

కత్తులు, తల్వార్లు వెళ్లిపోయాయి. గొట్టాలు మొదలయ్యాయి. మొదటి కొన్నింటిని కంటి దగ్గర పెట్టుకుని చూశాను. తర్వాత పైపైన చూశాను. ఆ తర్వాత చూడలేదు. సత్తయ్య మాత్రం ప్రతిసారీ అడుగుతూనే ఉన్నాడు.

"వెలుగుందా సారు?"

"ఉంది."

"వెలుగుందా?"

"ఉంది."

ఆ గొట్టం చేతికి తీసుకున్నప్పుడు నేను గేటు వైపు చూస్తున్నాను. అధికారి కారు వెనక్కి తిప్పుతున్నారు, అంటే ఇక అయిపోవచ్చింది. "ఉంది" అన్నాను. సత్తయ్య దాన్ని వదిలాడు. వదులుతూనే తల నావైపు తిప్పాడు.

చప్పుడు పెద్దగా రాలేదు. తర్వాత చాలామంది టపాకాయలా పేలిందన్నారు. నాకు గుర్తున్నది కుక్కర్ మూత ఎగిరినట్టు ఒక చిన్న చప్పుడు, ఆ తర్వాత నిప్పుల వాన. అద్దాల పక్క సందులోంచి ఒక చుక్క సత్తయ్య ఎడమ కంట్లో పడింది. అతను అరవలేదు. ఒక చేత్తో కొలిమి మెట్ల రైలింగు పట్టుకుని, మెట్టు వెతుక్కుంటూ దిగాడు. దిగి, "ఎవలకన్న తగిలిందా?" అని అడిగాడు.

తర్వాత తెలిసింది. ఆ భర్మార్‌లో ఎప్పుడో కూరిన మందు అలాగే ఉండిపోయింది. వేటగాళ్లు మందు తడవకుండా మూతికి గుడ్డ, మైనం కుక్కి చూరులో పెట్టుకుంటారట. పోలీసుల దగ్గర అన్నేళ్లు పడి ఉన్నా దాన్ని ఎవరూ తియ్యలేదు. వెనక కొస కోసిన గొట్టాల మధ్య కొయ్యనిది ఒకటి కలిసిపోయింది. వాళ్లు చూశారని నేను, నేను చూస్తానని వాళ్లు. కానీ వాళ్ల సంగతి రాయడానికి నేను కూర్చోలేదు. సత్తయ్య అడిగింది వాళ్లను కాదు.

మర్నాడు మేనేజరు తలుపు వేసి మాట్లాడాడు. చెడ్డవాడు కాదు. ఆయన పైన కూడా ఎవరో ఉన్నారు.

"ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ వస్తాడు. సత్తయ్య అడక్కుండా వేశాడని చెబుదాం. మిమ్మల్ని ఇరికిస్తే షాపు నడిపేదెవరండీ?"

"అతని ఉద్యోగం?"

"చూద్దాం. ఎక్కడో ఒకచోట సర్దుదాం. మీరు మాత్రం మాట మార్చకండి."

కార్మికుడి తప్పని తేలితే అతన్ని సర్దరని, ఇంటికి పంపిస్తారని ఇద్దరికీ తెలుసు. నేను "ఊఁ" అన్నాను. ఒకరోజు గేటు వైపు చూస్తూ "ఉంది" అన్నాను, ఇంకోరోజు నేల చూస్తూ "ఊఁ" అన్నాను. రెండోది చెప్పడానికి మొదటిదానికంటే ఎక్కువ సిగ్గుగా ఉంటుంది. అప్పుడు తొందర అన్న సాకు కూడా లేదు.

కంటి దవాఖానాకు వెళ్లినప్పుడు సత్తయ్య భార్య బాలమణి వరండాలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"మీరే గద సారు, ఆడ పక్కపొంటి నిలవడ్డది?"

"అవునమ్మా."

"మరి మీకేం గాలె," అంది. తిట్టినట్టు కాదు. లెక్క సరిపోక అడిగినట్టు.

లోపల సత్తయ్య కట్టు కట్టిన ముఖంతో పడుకుని ఉన్నాడు. డాక్టర్లు ఇంకా ఏమీ తేల్చలేదు. కన్ను దక్కొచ్చు, దక్కకపోవచ్చు. ఇద్దరం కాసేపు ఫ్యాను గురించి, అన్నం గురించి మాట్లాడుకున్నాం. వచ్చేస్తుంటే అన్నాడు.

"సారు, గా మాట చెప్తనంటిరి. తర్వాత అంటిరి."

"ఏ మాట?"

"గేటు మీది మాట. పండుకుంటే అదే తిరుగుతుంది తలకాయల. దాని పుణ్యాన కన్ను పాయె, దానర్థమన్న తెల్వద్దా?"

ఆ సాయంత్రం చిల్కానగర్‌లో మా ఇంటి ఓనరు గారి మేడ మీదికి వెళ్లాను. ఆయన రిటైర్డ్ లెక్చరర్. డిగ్రీ పిల్లలకు చాలాకాలం రాజనీతిశాస్త్రం చెప్పారు. ఏం జరిగిందో చెప్పకుండా మాట అర్థం మాత్రం అడిగాను. బ్యానర్ మీద ఎలా రాశారో చెబితే నవ్వారు.

"ఆయుధాలకు నిరాయుధీకరణ ఏమిటయ్యా? అది మనుషులకు చేసేది, దేశాలకు చేసేది. ఆయుధం అంటే దేనితో యుద్ధం చేస్తామో అది. నిరాయుధుడు అన్న మాట పాతదే, పురాణాల్లో కూడా వింటాం. చివర ఆ 'ఈకరణ' చేర్చి కొత్త మాట కట్టింది మాత్రం మనకాలపు వాళ్లు. పల్లెలకు కరెంటు ఇవ్వడం విద్యుదీకరణ అయినట్టు, లేనిదాన్ని పూనుకుని చెయ్యడమని దానర్థం. పెద్ద దేశాలు బాంబుల గుట్టలు తగ్గించుకునే మాటలు మొదలుపెట్టినప్పుడు, ఇంగ్లీషువాళ్ల డిసార్మమెంట్‌కు పత్రికలవాళ్లకూ పాఠ్యపుస్తకాలవాళ్లకూ తెలుగులో ఒక మాట కావలసి వచ్చింది."

"ఇంగ్లీషు వాళ్లకు ఎక్కడిదండీ?"

"ఫ్రెంచి నుంచి వచ్చింది. మొదట్లో దేశాల మాట కాదది. ఒక మనిషి ఒంటి మీది కవచం, చేతిలోని కత్తి తీసేయడాన్ని అలా అనేవారు. దేశాలకు, ఆయుధాల గుట్టలకు వాడడం చాలా తర్వాత. అదైనా ఒక్క మెట్టు కాదు. ఇంతకంటే పెంచకూడదని హద్దు పెట్టుకుంటే నియంత్రణ. ఉన్నవాటిలో కొన్ని తీసేస్తే తగ్గింపు. అసలు లేకుండా చేస్తే సంపూర్ణ నిరాయుధీకరణ, అది కాగితం మీద ఉంది." మళ్లీ తనే అన్నారు. "అన్నిటికంటే కష్టమేదో తెలుసా? పగలగొట్టడం కాదు. పగలగొట్టామని అవతలివాడికి చూపించడం. ఒప్పందాలు చాలావరకు అక్కడే చతికిలబడతాయి. నేను చూశానంటే సరిపోదు. నష్టపోయేవాడు ఎవడో వాడి తరఫున ఒక కన్ను అక్కడ ఉండాలి. వెరిఫికేషన్ అంటారు."

నేను లేచాను. టీ వచ్చింది, తాగలేదు. ఏమైందయ్యా అని అడిగారు. ఏం లేదండీ, తర్వాత చెబుతానన్నాను. ఆ 'తర్వాత' నోట్లోంచి వచ్చాక నా మీద నాకే రోత పుట్టింది. మళ్లీ కూర్చుని మొత్తం చెప్పాను. ఆయన ఓదార్చలేదు. "చెప్పవలసింది నాకు కాదు గదా," అన్నారు.

మర్నాడు దవాఖానాలో సత్తయ్యకు ఆ మాట విప్పి చెప్పాను. ఆయన చెప్పినంత బాగా కాదు, నాకు గుర్తున్నంత. మనిషి చేతిలోంచి కత్తి తియ్యడం దగ్గర మొదలైందని, దేశాల దాకా వెళ్లిందని, చూసేవాడి కన్ను లేకపోతే ఒప్పందం నిలవదని. సత్తయ్య కదలకుండా విన్నాడు.

"అంటే సారు, గా పెద్దపెద్ద దేశాలోళ్లు గూడ వెలుగుందా అనే అడుగుతరు ఒకలనొకలు."

"అంతే."

"మరి అవతలోడు సూడకుంట ఉంది అంటే?"

మంచం కింద అతని చెప్పులు ఉన్నాయి. వాటినే చూస్తూ కూర్చున్నాను.

"సారు, మీరు సూసే చెప్పిన్రా?"

"లేదు సత్తయ్యా."

"నాకెరుకే," అన్నాడు. "ముందుగాల జర ఆగి చెప్పిన్రు. ఆనెంక మస్తు జల్ది చెప్పవడ్తిరి. గదేందని తిరిగి సూసిన. మీరు గేటు దిక్కు సూస్తున్నరు. అప్పటికే వదిలేసిన."

"మరి ఇన్ని రోజులు ఎందుకు అనలేదు?"

"అంటే ఏమొస్తది సారు? మీరంటరేమో అని సూసిన."

ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు మేనేజరు ముందే చెప్పాను, నేను చూడలేదని చెప్పబోతున్నానని. ఆయన ముందున్న ఫైలు మూసేశాడు. "మీ ఇష్టమండీ. తర్వాత నన్ను అనొద్దు," అన్నాడు. సత్తయ్య అడిగాడని, ఉంది అన్నది నేనని, చూసే మనిషిని అక్కడినుంచి పంపించింది కూడా నేనేనని ఇన్‌స్పెక్టర్‌కు చెప్పాను. ఆయన రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ అదే చెప్పాను. ధైర్యంగా చెప్పానని అనుకోవద్దు. మధ్యలో ఆగి నీళ్లు అడిగాను.

నన్ను మెల్టింగ్ షాపు నుంచి తప్పించి తుక్కు యార్డులో వేశారు. అది నాకు తగినదే. తప్పు సత్తయ్యది కాదని తేలింది, ఉద్యోగం నిలిచింది. కన్ను మాత్రం నిలవలేదు. ఆ సంగతి చెప్పడానికి బాలమణి ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చింది. "మీరు నిజం చెప్పిన్రంట. మంచిగైంది," అంది. "కన్నైతే రాదు గద," అని కూడా అంది.

ఒక కన్నుతో దూరం సరిగా అంచనాకు అందదు. అలాంటి మనిషిని కొలిమి మీద నిలబెట్టకూడదు. తుక్కు వచ్చే చోటే ఒక పరీక్ష బల్ల పెట్టించి, దానికి సత్తయ్యను వేయమని మేనేజరును అడిగాను. వెంటనే ఒప్పుకోలేదు, అడుగుతూనే ఉన్నాను. చివరికి విసుగెత్తి సరేనన్నాడు. సత్తయ్య వచ్చిన రోజు బల్లను చుట్టూ తిరిగి చూసి, "గిది నా కోసం పెట్టిన్రా, మీ పాపం కోసం పెట్టిన్రా?" అన్నాడు. రెండింటి కోసమూ అన్నాను. "అయితే జర పెద్దగ పెట్టాలె," అన్నాడు.

అప్పటినుంచి యార్డులో గొట్టమన్నది ఏదైనా మా ఇద్దరి కళ్లు దాటకుండా పోదు. మూసుకున్నది కనబడితే, లోపల మందు ఉంటే అంటుకోకుండా నీళ్ల తొట్టిలో నానబెడతాం, కోస్తాం, మళ్లీ బాగా ఎండబెడతాం. చెమ్మ కూడా కొలిమికి శత్రువే గనక. సెలవు దొరికినప్పుడు నాచారంలో, చర్లపల్లిలో మిగతా ఫౌండ్రీలకు వెళ్లి, అనుమతి ఇచ్చినచోట వాళ్ల మనుషులకు ఈ కథ చెప్పాను. మొదట్లో పేరు చెప్పకుండా "ఒక ఇన్‌ఛార్జి" అనేవాణ్ని. ఒకసారి సత్తయ్య కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. ఆ రోజునుంచి "నేను" అని చెబుతున్నాను.

తెలంగాణ వచ్చిన ఏడు మళ్లీ ఆయుధాల వ్యాన్ వచ్చింది. బ్యానర్ వద్దన్నాను. షామియానా కావాలంటే గేటు బయట వేసుకోమన్నాను. సంచులు బల్ల మీద ఒంపించి, వాళ్ల ఆర్మరర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే చూడడం మొదలుపెట్టాం. ఈసారి అడిగేది నేను.

"వెలుగుందా సత్తయ్యా?"

అతను గొట్టాన్ని కుడి కంటికి ఆనించి ఆకాశం వైపు ఎత్తేవాడు. "ఉన్నది." తర్వాత నాకు ఇచ్చేవాడు. నేనూ చూసేవాణ్ని. ఆర్మరర్ కూడా చూసేవాడు. లోపల కొలిమి వేడెక్కి సిద్ధంగా ఉంది. పోలీసులు గడియారాలు చూసుకుంటున్నారు. కొత్త ఇన్‌ఛార్జి కుర్రాడు రెండుసార్లు వచ్చి ఎంతసేపని అడిగి వెళ్లాడు.

మధ్యాహ్నం ఒక గొట్టం దగ్గర సత్తయ్య ఆగిపోయాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"నాకు కనవడ్తలేదు సారు. ఉన్నది ఒకటే కన్నాయె. మీరు సూడుండ్రి."

తీసుకుని చూశాను. చీకటి. ఆర్మరర్ చేతికి ఇచ్చాను. అతను చూసి, ముఖం పక్కకు తిప్పుకుని, తల అడ్డంగా ఊపాడు. గొట్టాన్ని నీళ్ల తొట్టిలో దించి, లోపలికి వెళ్లి, మిగతావన్నీ మళ్లీ మొదటినుంచి చూడాలని, ఆ రోజుకు హీట్ ఆపేయమని కొత్త ఇన్‌ఛార్జికి చెప్పాను.